పల్నాటి దాహం, ప్రాకృత చలివేంద్రం

శ్రీనాథుడు కాశీఖండం అవతారికలో తన రచనలు వరసగా చెప్పుకుంటూ, మీసం మొలిచే వయసులోనే ప్రాకృత గాథల సంకలనం శాలివాహన సప్తశతిని తెనిగించానంటాడు. ఆ శ్రీనాథుడే పల్నాట నీళ్లు దొరక్క, తిరిపెమెత్తేవాడికి ఇద్దరు భార్యలెందుకు, గంగను వదిలెయ్యమని శివుణ్ణి నిలదీశాడని చాటువు. రెండు కబుర్లూ మనవాళ్లకు తెలిసినవే. పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు పట్టరానంత సంతోషం కలిగింది. ఎందుకంటే ఆ సప్తశతిలో ఒక చలివేంద్రం ఉంది.

బాటసారి దోసిలి పట్టాడు. కళ్లు మాత్రం పైకెత్తి, నీళ్లు పోసే అమ్మాయినే చూస్తున్నాడు. వేళ్ల సందులు వదులు చేశాడు. నీళ్లు కారిపోతున్నాయి, తాగడం ఎంతకీ అవదు. ఆమెకు సంగతి తెలిసింది. అసలే సన్నగా పోస్తున్న ధారను ఇంకా సన్నం చేసింది. గాథ అంతే, రెండే పాదాలు. ఆమె పేరు లేదు, అతని ఊరు లేదు. సంకలనం చేసింది హాలుడనే సాతవాహన రాజని సంప్రదాయం. అయినా ఆ పుస్తకంలో కోటలకన్నా పొలాలూ, పల్లెలూ, బాటలూ ఎక్కువ. రాజుగారి కొలువులో ఏం వడ్డించారో ఎవరికి కావాలి? రెండు వేల ఏళ్లనాటి ఎండలో ఒకమ్మాయి చెంబు ఎలా వంచిందో నాకు కళ్లకు కడుతోంది. నాకది చాలు.

ఇంచుమించు ఆ కాలంలోనే సాతవాహనుల శత్రువు నహపాణుడి అల్లుడు ఉషవదాతుడు, నాసిక్ గుహ శాసనంలో తన దానధర్మాల మధ్య నదుల ఒడ్డున పెట్టించిన చలివేంద్రాలనూ చెప్పుకున్నాడు. అంతకుముందే అశోకుడు తన ఏడో స్తంభ శాసనంలో, పశువులకూ మనుషులకూ దారి పొడవునా నీటి వసతులు చేయించానన్నాడు. పశువులను కలిపి చెప్పడం నాకెంతో నచ్చింది.

శ్రీనాథుడి సప్తశతి మనకు దక్కలేదు. ఆయన తెనుగులో ఆ ధార ఎలా సన్నబడిందో ఇక చదవలేం. ఎన్ని కావ్యాలు మిగిలినా ఈ లోటు తీరేది కాదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు కొన్ని గాథలను తెలుగు చేసిపెట్టారు. అదే ఊరట.

ఉగాది దాటితే పల్నాట నూజెండ్ల, వినుకొండ దారుల్లో ఎండ ముదురుతుంది. కూడలిలో చలివేంద్రం లేస్తుంది: తాటాకు పందిరి, కింద తడి ఇసుక, దానిమీద గోనెపట్టా చుట్టిన కుండలు, అల్లమూ కరివేపాకూ దంచి వేసిన మజ్జిగ. కుండ చెమర్చి, ఆ చెమ్మ ఆవిరవుతూ లోపలి నీటి వేడిని లాగేస్తుంది. ఒక్క గ్రాము ఆవిరికి దాదాపు 580 కేలరీల వేడి పోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే పని అంత బాగా జరుగుతుంది. అందుకే ఉక్కపోసే బాపట్ల తీరంలో కన్నా పల్నాటి పొడి ఎండలో కుండనీళ్లు చల్లగా ఉంటాయి. శ్రీనాథుణ్ణి ఏడిపించిన ఎండే కుండకు బలం.

ఆ దోసిలికి మరో చరిత్ర కూడా ఉంది. చెంబు తగలకుండా ఎత్తునుంచి పోయడం, ఊళ్లలో అంటరానివాళ్లని వెలివేసినవాళ్లకు నీళ్లిచ్చే పద్ధతి. ఇక్కడ ఎత్తుకు కారణం సరసం కాదు, అవమానం. 1895లో వినుకొండలోనే పుట్టిన గుర్రం జాషువా ఆ అవమానాన్ని ‘గబ్బిలం’లో కావ్యం చేశాడు. మహారాష్ట్రలో 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో వెళ్లి మహాడ్ చవదార్ చెరువు నీళ్లు తాగాడు. దాహం తీర్చడాన్ని ధర్మమని పొగిడేవాళ్లందరూ ఈ రెండూ గుర్తుపెట్టుకోవాలి.

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువల్లోకి నీళ్లు వదిలారు. కుడికాలువతో పల్నాడు రూపు మారింది. జొన్నచేలున్నచోట వరి వచ్చింది. ఇప్పుడు పందిట్లో కుండల పక్కన ఇరవై లీటర్ల టిన్నులు చేరాయి. టిన్ను నీళ్లు శుభ్రమే, కాదనను. కానీ ప్లాస్టిక్ చెమర్చదు, కాబట్టి నీళ్లు మధ్యాహ్నానికి వేడెక్కిపోతాయి. పందిరి వేసేవాళ్లకు నా మనవి ఒక్కటే: ఆ శుభ్రమైన నీళ్లనే కుండల్లో పోయండి. పూటకోసారి ఇసుక తడపండి. గ్లాసులు స్టీలువి పెట్టండి, అందరికీ అవే. పక్కన పశువులకొక తొట్టి.