కొండగాలికి కాసిన టమాటా

టమాటా పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండసీమ. పోర్చుగీసు ఓడల వెంట అది మన దేశానికి చేరింది. అంతకుముందు రాయలసీమలో సంగటి ముద్ద పక్కన పులుపంటే ముఖ్యంగా చింతపండే, చింతచిగురే.

ఆ సీమలోని మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తులోని చల్లగాలిని నమ్ముకునే 1915లో ఊరి పక్కన ఆరోగ్యవరంలో క్షయరోగుల శానటోరియం వెలిసింది. టమాటాకూ ఆ గాలే కలిసొచ్చింది. రాత్రిళ్లు వేడెక్కితే టమాటా పూత రాలిపోతుంది, పిందె నిలవదు. మైదానాలు మండిపోయే వేసవిలోనూ ఇక్కడ కాపు ఉంటుంది. బోర్లు, ఆ తర్వాత డ్రిప్పు పైపులు వచ్చాక మదనపల్లె, పుంగనూరు చేలల్లో ఈ పంట బాగా విస్తరించింది.

కాయ నేలకు తగిలితే కుళ్లుతుంది. అందుకే రైతులు సాలు పొడవునా కర్రలు నాటి, పురికొస లాగి, మొక్కను నిలబెడతారు. కోసిన కాయ క్రేట్లలో మార్కెట్ యార్డుకు చేరుతుంది. మండీల్లో వేలం ముగిశాక లారీలు చెన్నైకి, ఢిల్లీకి బయల్దేరతాయి.

ధర మాత్రం నిలకడగా ఉండదు. 2023 జూలైలో ఇక్కడ కిలో 150 రూపాయలు దాటింది. ధర పడిపోయినప్పుడు కోత కూలి కూడా రాక కాయలను రోడ్డు పక్కన పారబోసిన రైతులున్నారు.

ధరల సంగతి ఇలా ఉంటే, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినాలని చెప్పింది. ఆ లెక్కకు టమాటా ఒక్కటే చాలదు. పుల్లగూరలోకి ఆకులు, చలికాలంలో అనపకాయలు, వేసవిలో చిత్తూరు మామిడి కూడా కావాలి. ధరలు మండే నెలల్లో కూలి ఇళ్లలో ముందుగా తగ్గేవి ఈ కూరలూ పండ్లే.