శిలాతోరణం: తిరుమల కొండపై చరిత్రకు ముందటి పుట

గుమ్మానికి తోరణం కట్టడం శుభసూచకమని తెలుగువారి భావన. ఓరుగల్లు కోటలో కాకతీయులు నిలిపిన కీర్తితోరణాలు ఆ భావనకే రాజవైభవాన్ని జోడించాయి. అయితే తిరుమలలో, శ్రీవేంకటేశ్వరస్వామి ఆలయానికి సుమారు ఒక కిలోమీటరు దూరాన, చక్రతీర్థం సమీపంలో కనిపించే తోరణాన్ని ఏ శిల్పీ చెక్కలేదు. ఏ ప్రభువూ ప్రతిష్ఠించలేదు. సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల ఈ శిలాతోరణం ప్రకృతి స్వహస్తాలతో మలచిన కట్టడం.

ఇది క్వార్ట్‌జైట్ శిల. ఒకనాడు నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకొన్న ఇసుక గట్టిపడి ఈ శిలగా పరిణమించింది. దీని వయస్సు సుమారు 150 కోట్ల సంవత్సరాలని అంచనా. కాలక్రమాన గాలి, వాన, ఎండ బలహీనమైన భాగాలను తొలిచివేయగా, దృఢమైన భాగం వంపు తిరిగిన కమానుగా మిగిలింది.

ఈ కొండల క్వార్ట్‌జైట్ పొరల కింద 250 కోట్ల సంవత్సరాలకు పైబడిన ప్రాచీన శిల ఉంది. ఈ రెండింటి నడుమ కోట్లాది సంవత్సరాల కాలానికి సంబంధించిన శిలలే లేవు. భూగర్భ శాస్త్రజ్ఞులు ‘ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ’ అని వ్యవహరించే ఈ సంధిని ఘాట్ రోడ్డు పక్కనున్న కొండ కోతలలో నేటికీ చూడవచ్చు. శాసనాలు లభించని శతాబ్దాలు చరిత్రకారునికి ఎటువంటివో, ఈ లోపించిన శిలలు భూచరిత్రకు అటువంటివి.

శ్రీకృష్ణదేవరాయలు 1513 నుండి 1521 వరకు ఏడు పర్యాయాలు ఈ కొండకు వచ్చినట్లు శాసనాలు తెలుపుతున్నాయి. రాయలు సమర్పించిన ఆభరణాలను, గ్రామాలను ఆలయ కుడ్యాలు భద్రపరచాయి. కొండ వయస్సు ఆ కుడ్యాలకు అందని విషయం. కడప, కర్నూలు శిలాశ్రేణులపై విలియం కింగ్ రచించిన బృహద్గ్రంథాన్ని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 1872లో ప్రచురించింది. అయినా ఈ తోరణం విశిష్టతను శాస్త్రజ్ఞులు గుర్తించడానికి 1980 దశకం వరకు ఆగవలసి వచ్చింది. ఆ తరువాత ఇది జాతీయ భూవైజ్ఞానిక స్మారకమైంది.

భక్తుల విశ్వాసం వేరు. శ్రీవారు నారాయణగిరిపై మొదటి అడుగు, ఈ చోట రెండవ అడుగు మోపి, మూడవ అడుగుతో ఆలయస్థానంలో నిలిచారని వారు చెప్పుకొంటారు. శాస్త్రం చెప్పే కాలం, భక్తి చెప్పే కథ ఈ ఉద్యానంలో ఒకే శిల ఎదుట కలుసుకొంటాయి. ఒకదాని కోసం మరొకదానిని నిరాకరించవలసిన అగత్యం లేదు.

అయితే తోరణాన్ని మలచిన గాలివానలు తమ పనిని ఆపలేదు. శిథిలమైన మండపాన్ని మరల నిర్మించవచ్చు, మాసిన శాసనానికి పూర్వపు నకలు వెదకవచ్చు. ఈ కమాను కూలితే తిరిగి నిలపగల శిల్పి లేడు. ప్రకృతి చేసే క్షయాన్ని నివారించడం మానవుని వశం కాదు. కాని శిలపై పేర్లు చెక్కకుండా, దానిపైకి ఎక్కకుండా ఉండడం ప్రతి యాత్రికుని వశంలోనిదే. 150 కోట్ల సంవత్సరాలు నిలిచిన దానికి ఒక్క తరం చేయగల కనీస మర్యాద అది.