చెన్నపురిలో నస్తమించిన మనవారు

మహాపురుషుల జన్మస్థానములను శ్రద్ధతో వ్రాసికొనుట మన వాడుక. వారు దేహము చాలించిన తావులను విచారించువారు అరుదు. జన్మస్థానము దైవాధీనము, కడపటి శ్వాస విడిచిన చోటు తఱచుగా వారు కోరి చేపట్టిన కార్యమును దెలుపును. కావున చెన్నపురిలో గతించిన యాంధ్రులలో గొందఱి నిచ్చట స్మరింతుము.

గాజుల లక్ష్మీనరసు సెట్టిగారు 1806లో నా నగరముననే వర్తకుల యింట జన్మించిరి. నీలిమందు, రుమాళ్ల వ్యాపారము వారి కులవృత్తివలె సాగినది. ఆర్జించిన ధనముతో 1844లో క్రెసెంటు పత్రికను నెలకొల్పిరి. 1852లో మద్రాసు నేటివు అసోసియేషను వారి పూనికవలననే వెలసెను. ఆ దినములలో శిస్తు రాబట్టుటకై రైతుల వ్రేళ్లను కఱ్ఱచెక్కల నడుమ నొక్కుట, మెడకును కాలికిని త్రాడు గట్టి యెండలో వంచి యుంచుట మొదలగు ఘోరములు జరుగుచుండెను. 1853లో పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూరు దొర రాగా, సెట్టిగారు ఆయనను వెంటబెట్టుకొని పోయి రైతుల దుఃస్థితిని గన్నులార జూపించిరి. తరువాత విచారణసంఘ మేర్పడి, 1855 నాటి నివేదికలో నీ హింస యథార్థమని యొప్పుకొనవలసి వచ్చెను. అంతటి దాత 1868లో గతించునాటికి నిర్ధనులై యుండిరి. ఇట్టి సభలలో దాతలను శ్లాఘించుట మన కలవాటే. ఇచ్చి యిచ్చి తఱిగిపోయినవాని కడపటి దినముల నడుగుట మాత్రము అలవాటు గాదు.

చెన్నపురిలో కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారి గృహమునకు వేదవిలాసమని పేరు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1919 మే 27న నా యింటనే కన్ను మూసిరి. నాలుగేండ్లకు, 1923 జూలైలో, గృహస్థుడును అచ్చటనే పోయిరి. అప్పటికి వారికి నలువదియాఱేండ్లే. వారు తలపెట్టిన ఆంధ్రవిజ్ఞానసర్వస్వము మూడు సంపుటములు వెలువడియు 'అ' కారమును దాటలేదు! అమృతాంజనమువలన వచ్చిన ధనమును ఆంధ్రపత్రికకును, భారతికిని వెచ్చించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ గ్రంథభారమును దలకెత్తుకొనిరి. వారును 1938 ఏప్రిలు 11న నా పురముననే దివంగతులైరి.

ఇక పొట్టి శ్రీరాములుగారు. వారు పుట్టినదియు చెన్నపురియే. ఆంధ్రరాష్ట్రమునకై 1952 అక్టోబరు 19న మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి యింట నిరశనవ్రతము బూని, ఏబదియెనిమిది దినములు సాగించి, డిసెంబరు 15 రాత్రి ప్రాణములు విడిచిరి. 1953 అక్టోబరు 1న రాష్ట్రమేర్పడెను. చెన్నపురి యందు జేరలేదు. రాయపేట పెద్దవీథిలో, వారు గతించిన తావున, స్మారకభవనమున్నది.