కుటుంబంతో విదేశాలకు వెళ్తున్నారా? టికెట్ కంటే ముందు పిల్లల బడి సంగతి చూసుకోండి

గుంతకల్లు నుంచి ఉద్యోగం మీద దుబాయ్‌కో, డాలస్‌కో కుటుంబంతో సహా వెళ్తుంటే, పిల్లల బడి సంగతి అక్కడికి వెళ్లాక చూసుకుందాంలే అనుకోవద్దు. ‘అన్నీ అక్కడే అయిపోతాయి’ అని ఏజెంటు అంటాడు. కావు. కావాల్సిన కాగితాల్లో చాలావరకు ఇక్కడే తయారు చేసుకోవాలి.

దుబాయ్‌లో మనవాళ్ల పిల్లలు చదివేది ప్రైవేటు స్కూళ్లలోనే. సీబీఎస్ఈ సిలబస్ ఉన్న భారతీయ స్కూళ్లలో తరగతులు ఏప్రిల్‌లో మొదలవుతాయి. మన దగ్గర బడులు ఏప్రిల్ చివరిదాకా నడుస్తాయి కాబట్టి సీటు గురించి ముందుగానే మాట్లాడుకోవాలి. అక్కడి ప్రభుత్వ సంస్థ కేహెచ్‌డీఏ వెబ్‌సైట్‌లో ప్రతి స్కూలు ఫీజు వివరాలు, తనిఖీ నివేదికలు ఉంటాయి. ఫీజు కంపెనీ భరిస్తుందా, మీరే కట్టుకోవాలా అన్నది జీతం మాట్లాడుకునేటప్పుడే తేల్చుకోండి. బస్సు ఖర్చు వేరుగా ఉంటుంది.

గల్ఫ్ స్కూళ్లు టీసీకి ధ్రువీకరణ అడుగుతాయి. మామూలుగా డీఈఓ కౌంటర్ సంతకం, రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, విదేశాంగ శాఖ ముద్ర, ఆ దేశ రాయబార కార్యాలయం ముద్ర వరుసగా పడాలి. ఏవేవి కావాలో స్కూలును అడిగి రాయించుకోండి. అంతకంటే ముందు పేర్లు సరిచూసుకోండి. టీసీలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం మన దగ్గర మామూలే. ముద్రలు పడ్డాక దిద్దాలంటే మళ్లీ మొదటికొస్తుంది.

అమెరికాలో లెక్క వేరు. అక్కడ ప్రభుత్వ బడి ఉచితం, హెచ్-4 వీసా పిల్లలకూ సీటు ఇవ్వాల్సిందే. అయితే ఏ బడి అన్నది మీ ఇంటి చిరునామాను బట్టే ఉంటుంది. అందుకే ముందు బడి ఎంచుకుని, ఆ పరిధిలో ఇల్లు వెతకండి. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు లాంటివి చూపాలి. తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లిష్‌లో ప్రత్యేక సాయం అడగండి, అది ఇవ్వడం బడి బాధ్యత.

ఎక్కువమంది చిక్కుకునేది టీకాల దగ్గరే. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో తట్టు, రుబెల్లాకు ఎంఆర్ టీకా వేస్తారు. అందులో గవదబిళ్లల టీకా ఉండదు. ఆటలమ్మ టీకా కూడా ప్రభుత్వ కార్యక్రమంలో లేదు. అమెరికా బడులు సాధారణంగా ఇవన్నీ అడుగుతాయి. తొమ్మిదో నెలలో వేసిన డోసును లెక్కలోకి తీసుకోవు, ఏడాది నిండాక వేసినదే చెల్లుతుంది. టీకా కార్డుతో పిల్లల డాక్టరును ఇక్కడే కలవండి. పుట్టినప్పుడు వేసిన బీసీజీ వల్ల క్షయ చర్మ పరీక్షలో పాజిటివ్ రావచ్చు. అప్పుడు రక్తపరీక్ష చేయమని అడగండి.

రెండు మూడేళ్లలో తిరిగొచ్చే ఆలోచన ఉంటే పిల్లలు ఏ తరగతిలో ఉన్నారో చూడండి. సీబీఎస్ఈలో బోర్డు పరీక్షల రిజిస్ట్రేషన్ తొమ్మిది, పదకొండు తరగతుల్లోనే జరుగుతుంది. పది, పన్నెండు తరగతుల్లో నేరుగా చేరడం కష్టం. ఇక ఏపీ ఈఏపీసెట్‌లో లోకల్ కోటాకు ప్రధాన నిబంధన, అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఇక్కడే చదివి ఉండటం. అంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా.