పక్కింటి నానీ జానమాజ్

నరసరావుపేటకు కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఒక పొరపాటు చేశాను. పక్కింటి నానీ గారింట్లో నేలమీద పరిచి ఉన్న చిన్న తివాచీ మీద కాఫీ గ్లాసు పెట్టేశాను. ఆవిడ ఏమీ అనలేదు. గ్లాసు తీసి పక్కన పెట్టి, తివాచీ మడిచి బీరువాలో దాచుకున్నారు. అది జానమాజ్, అంటే నమాజు చేసుకునే గుడ్డ అని తర్వాత తెలిసి సిగ్గుపడ్డాను.

"దాని మీద ఆ కమాను ఎందుకు నానీ?" అని ఇంకోరోజు అడిగాను.

"మసీదు గోడలో మిహ్రాబ్ ఉంటుంది కదమ్మా, అదే ఇది. కమాను పైభాగం కిబ్లా వైపు, మనకైతే పడమర వైపు, పెట్టి పరుస్తాం. ఎక్కడ పరిస్తే అక్కడే మసీదు" అన్నారు.

ఆ కమాను మన తెలుగువాళ్ళ చేతుల్లోనూ చాలాకాలం ఉంది. కృష్ణ దాటితే వచ్చే మచిలీపట్నంలో కలంకారీ పనివాళ్ళు పర్షియా వాళ్ళ కోసం కమాను, సరుగుడులా నిటారుగా పెరిగే సైప్రస్ చెట్టు, పూలతీగలతో నమాజు గుడ్డలు అద్దేవారు. ఆ ఎరుపు చిరివేరుది. ఏలూరులో తివాచీలు నేసే పని కూడా పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్ళతో మొదలైందని చెబుతారు. అక్కడి డిజైన్లలో రామచంద్రఖానీ, గోపాలరావు అనే పేర్లు ఉండటం నాకు ముచ్చటేసింది.

ఇక మధ్య ఆసియాలోని తుర్క్‌మెన్ తెగల్లో తివాచీ నేసేది ఆడవాళ్ళే. కాగితం మీద గీసుకున్న నమూనా ఉండదు. తల్లి చేతిలో చూసి కూతురు నేర్చుకునేది, మన ముగ్గులాగే. వాళ్ళ ఎరుపు మంజిష్ఠ వేరుది. తెగ తెగకీ వేరే గుర్తు, దాన్ని 'గుల్' అంటారు. తుర్క్‌మెనిస్తాన్ జెండా మీద ఇప్పటికీ అలాంటివి 5 ఉన్నాయి.

1881లో గ్యోక్ తెపే కోట రష్యా సైన్యం వశమయ్యాక ఆ తివాచీలు బయటి బజార్లకు ఎక్కువగా వెళ్ళాయి. వాటిలో 'ఎంగ్సీ' అనే రకం ఒకటి. మధ్యలో అడ్డంగా నిలువుగా పట్టీలు, నాలుగు గళ్ళు, కొన్నిటిలో పైన చిన్న కమాను. ఆ కమాను చూసి వ్యాపారులు దాన్ని నమాజు తివాచీ అని అమ్మారు. నిజానికి అది గుడారం గుమ్మానికి వేలాడదీసే తెర అని ఇప్పుడు చాలామంది పరిశోధకులు అంటారు. నేసినామెను ఒక్క మాట అడిగి ఉంటే ఆ తికమకే ఉండేది కాదు.

ఇది చదివినప్పుడు నా కాఫీ గ్లాసే గుర్తొచ్చింది. నేనూ అడగలేదుగా! మా అమ్మమ్మ బొంతల్లో ఏ చీర ముక్క ఎవరిదో కూడా ఆవిడ ఉండగా అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే చెప్పేవాళ్ళు లేరు.

మొన్న జానమాజ్ అంచు పోగులు ఊడుతున్నాయని నానీ నన్ను పిలిచారు. చేతులు కడుక్కుని వెళ్ళి కూర్చున్నాను. కుడుతూ, "ఇది మీకు ఎవరిచ్చారు నానీ?" అని అడిగాను. పొద్దు వాలేదాకా చెబుతూనే ఉన్నారు.