ఆసుపత్రి దారిలో తోడు: మన వాళ్లూ, క్యాన్సర్ వైద్యమూ

మన ఎరుకల జాతి గురించి రాసేవారు బుట్టల అల్లిక, సోది, పందుల పెంపకం అని మూడు ముక్కలు రాసి ఊరుకుంటారు. ఈ సంచికలో మేము వేరే చరిత్ర చెప్పదలిచాము. అది ఆసుపత్రితో మన వాళ్లకున్న చరిత్ర, ముఖ్యంగా క్యాన్సర్ వైద్యంతో. మన పెద్దవాళ్లలో చాలామంది పుండు ముదిరాక గాని ఆసుపత్రి గడప తొక్కరు. తొక్కినవాళ్లలో కొందరు వైద్యం సగంలో వదిలి ఇంటికి వచ్చేస్తారు. దీన్ని మూర్ఖత్వం అనుకునే ముందు వెనక ఏం జరిగిందో యువత తెలుసుకోవాలి.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్త జాతుల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేసింది. మన వాళ్లలో అనేక గుంపులను ఆ జాబితాలో చేర్చారు. వేలిముద్రలు తీసుకున్నారు, పోలీసుల ముందు హాజరు వేయించారు, ఊరు దాటాలంటే చీటీ ఉండాలన్నారు. అప్పటి గుంటూరు జిల్లాలోని స్టూవర్టుపురం సెటిల్‌మెంటు ఆ రోజుల్లో పుట్టిందే. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. మన తాతల తరానికి ‘పేరేంటి, ఊరేంటి, ఎందుకొచ్చావు’ అనే ప్రశ్న పోలీసు నోట వినిపించిన ప్రశ్న. అదే ప్రశ్న ఆసుపత్రి ఓపీ కౌంటరులో వినిపిస్తే గొంతు ఎండిపోవడంలో వింత లేదు.

రెండో అడ్డు దూరం. పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద 1850ల్లో, కాటన్ దొర హయాంలోనే, అక్విడక్టు కట్టి అవతలి లంక పొలాలకు కాలువ నీళ్లు దాటించారు. క్యాన్సర్ వైద్యం మాత్రం చాలాకాలం మద్రాసులోనో హైదరాబాదులోనో ఉండిపోయింది. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి చొరవతో అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది 1954లో. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరిట ఉన్న క్యాన్సర్ ఆసుపత్రి 1955 నాటిది. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి 2014లో గాని రాలేదు. అదీ మనకు 200 కిలోమీటర్లకు పైనే.

ఇక జబ్బు సంగతి. గోదావరి లంక పొగాకు చుట్టకు పెట్టింది పేరు. ఉత్తర కోస్తాలో, ముఖ్యంగా ఆడవాళ్లు, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు ఉంది. దాన్నే అడ్డపొగ అంటారు. దానివల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తోందని 1957లోనే మన వైద్యులు రాశారు. 1971లో వెలువడిన ఒక అధ్యయనం కోసం శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లె జనం అంగిళ్లు పరీక్షించారు. తర్వాత శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో పొగాకు వాడే 36,000 మందికి పైగా జనానికి మనిషి మనిషితో మాట్లాడి నచ్చజెప్పారు, సినిమాలు చూపించారు. ఆ ఫలితాలు 1986లో అచ్చయ్యాయి. మామూలుగా వదిలేసిన వాళ్లకంటే నచ్చజెప్పిన వాళ్లలో పొగాకు మానినవాళ్లు ఎక్కువ, నోట్లో తెల్లమచ్చలు తక్కువ. పల్లె జనం వినరన్న మాట అబద్ధమని ఆనాడే తేలింది.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఆపరేషనుకూ, కీమోకూ, మన వాళ్లు ‘కరెంటు పెట్టడం’ అనే రేడియేషనుకూ పేదవాడు అప్పు చేయాల్సిన అవసరం చాలావరకు తగ్గింది. కానీ నోటి, గొంతు క్యాన్సర్లకు కరెంటు అంటే వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు. అన్నాళ్లు కూలి పోతుంది, బస చూసుకోవాలి, వెంట ఒక మనిషి ఉండాలి. వైద్యం సగంలో ఆగేది తరచుగా ఇక్కడే.

ఈ కష్టం మన ఒక్కరిదే కాదు. న్యూయార్కులో నల్లజాతి పేదలుండే హార్లెంలో డాక్టర్ హెరాల్డ్ ఫ్రీమన్ 1990లో ఒక పని మొదలుపెట్టారు. రోగికి తోడుగా నడిచి కాగితాలు, తేదీలు, భయాలు అన్నీ చక్కబెట్టే మనిషిని పెట్టారు. అంతకుముందు అక్కడ రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీలలో ఐదేళ్లు బతికినవారు 39 శాతం. ఉచిత పరీక్షలూ ఈ తోడూ కలిశాక అది 70 శాతానికి చేరింది.

ఆ తోడు మన ఇళ్లలోనే ఉంది. చదువుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అది మీరే. ఆధార్‌లో, రేషన్ కార్డులో, కుల ధ్రువపత్రంలో పేరు ఒకేలా ఉందో లేదో జబ్బు రాకముందే చూడండి. ఆసుపత్రిలో ముందు ఆరోగ్యమిత్రను కలవండి. డాక్టరు చెప్పింది అవ్వకు మన కుర్రు మాటలో చెప్పండి, ఆమె అడిగింది డాక్టరుకు తెలుగులో చెప్పండి. జబ్బు పేరు ఆమె దగ్గర దాచకండి. రెండు వారాలు మానని నోటి పుండును, రొమ్ములో గడ్డను, ముట్లుడిగాక కనిపించే రక్తాన్ని వాయిదా వేయనీయకండి.

మన గన్నవరం లంకల్లో డొక్కా సీతమ్మ గారు గోదావరి దాటి వచ్చిన బాటసారిని కులం అడగకుండా అన్నం పెట్టారు. 2000లో కట్టిన కొత్త అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు. మన సంఘంలో ఊరికి ఇద్దరు యువకులు వంతులు వేసుకుని రోగుల వెంట వెళ్తే, కరెంటు పెట్టించుకునే ఆరేడు వారాలూ ఏ పెద్దవారూ ఒంటరిగా ఉండరు. వచ్చే సమావేశంలో ఆ పేర్లు రాసుకుందాం.