మెయిల్ సర్వర్ మెమరీ: సెండ్‌మెయిల్ నుంచి ఎక్స్ఛేంజ్ దాకా

తొలితరం ఈమెయిల్ సర్వర్లు మెమరీని పట్టుకుని కూర్చునేవి కావు. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్మన్ రూపొందించగా 1983లో బీఎస్‌డీ యూనిక్స్‌తో వెలువడిన సెండ్‌మెయిల్, వచ్చిన ఒక్కొక్క కనెక్షన్‌కు ఒక్కొక్క ప్రాసెస్‌ను, అంటే తనకే ఒక నకలును పుట్టించి, అందిన ఉత్తరాన్ని డిస్కు మీది క్యూలో చేర్చి, పని ముగియగానే ఆ ప్రాసెస్‌తో పాటు దాని మెమరీనీ వదిలివేసేది. ఉత్తరాల బట్వాడాయే దాని ప్రధాన బాధ్యత కనుక ఆ పద్ధతి చక్కగా సరిపోయింది.

1996లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ ఉత్తరాలను డేటాబేస్‌లో, పేజీలనే చిన్న ఖండాలుగా నిలవ చేసింది. పేజీని డిస్కు నుంచి తేవడానికి కొన్ని మిల్లీసెకన్లు పడితే, మెమరీలో ఉన్న పేజీ అంతకు వేల రెట్లు వేగంగా అందుతుంది గనుక, చదివిన పేజీలను అట్టిపెట్టుకునే క్యాష్ అవసరమైంది. మార్పు జరిగినప్పుడు దాన్ని ముందుగా లాగ్ ఫైలులో నమోదు చేసి, మారిన పేజీని డేటాబేస్‌లో తరువాత రాస్తారు; కరెంటు పోయినా లాగ్ ఆధారంగా ఆ మార్పును తిరిగి రాబట్టవచ్చు.

ఈ క్యాష్ పరిమాణాన్ని మొదట్లో ముందుగానే నిర్ణయించేవారు. 1997 నాటి 5.5 కూర్పులో డైనమిక్ బఫర్ అలొకేషన్ వచ్చాక, ఖాళీగా ఉన్న మెమరీని క్యాష్ కోసం తీసుకోవడం, ఇతర ప్రోగ్రాములు అడిగినప్పుడు తిరిగి ఇవ్వడం సాఫ్ట్‌వేరే చూసుకోసాగింది. డేటాబేస్‌ను నడిపే స్టోర్ ప్రోగ్రాం దాదాపు మెమరీనంతా ఆక్రమించడం చూసి నిర్వాహకులు మెమరీ లీక్ అని, అంటే తీసుకున్న మెమరీని ప్రోగ్రాం వదలకపోవడమనే లోపమని, అపోహపడేవారు. నిజానికి అది బుద్ధిపూర్వకంగా చేసిన ఏర్పాటు, మెచ్చదగినది కూడా.

32 బిట్ల వ్యవస్థలో చిరునామాల పరిధి 4 గిగాబైట్లే కావడంతో క్యాష్ ఒక హద్దు దాటి పెరగలేదు. 2007 కూర్పు 64 బిట్లకు మారి ఆ అడ్డు తొలగించడమే కాక, పేజీని 4 నుంచి 8 కిలోబైట్లకు పెంచింది; 2010 కూర్పులో అది 32 కిలోబైట్లయింది. 2013 కూర్పులో ఒక్కొక్క డేటాబేస్‌కు వేరువేరు ప్రాసెస్‌లు ఏర్పడి, క్యాష్‌కు మొత్తం మెమరీలో నాలుగో వంతు లక్ష్యంగా నిర్ణయమైంది. 2019 కూర్పులో మెయిల్‌బాక్స్ సర్వర్‌కు మైక్రోసాఫ్ట్ సిఫారసు చేసిన కనీస మెమరీ 128 గిగాబైట్లు.